ఎర్ర దారం లేని చొక్కా

లాయరు అనఘ టేబుల్ మీద పెట్టిన కాగితం జిరాక్సుకి జిరాక్సు. అక్షరాలు సగం ఎగిరిపోయాయి. కింద సంతకం మాత్రం స్పష్టంగా ఉంది.

"రాఘవయ్య గారూ, ఇది మీ సంతకమేనా?"

వీరరాఘవయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తుడవాల్సిన అవసరం లేదు. ఆయనకు ఒక్క నిమిషం కావాలి, అంతే.

"నాదే," అన్నాడు.

అనఘ పక్కన కూర్చున్న భూలక్ష్మి తలెత్తింది. యాభై దాటిన మనిషి. బోరబండలో ఓ స్కూల్లో వంట చేస్తుంది. ఇరవై ఐదేళ్ల క్రితం ఇదే షాపు మెట్ల మీద టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని మొగుడు జగదీశ్ కోసం ఎదురుచూసేది.

"గా నాలుగు డ్రెస్సులు నిజంగనే పోయినయా పెద్దయ్యా?"

సినిమాలకు డ్రెస్సులు కుట్టి కిరాయికిచ్చే వీరరాఘవయ్య షాపులో ఫ్యాను తిరుగుతోంది. రాజుల అంగరఖాలు, డాక్టర్ల తెల్లకోట్లు, లాయర్ల నల్లకోట్లు, ఆ చివర రెండు రాడ్ల నిండా ఖాకీ. ఫిల్మ్ నగర్‌లో పోలీసు కథ ఎవరు తీసినా మొదట ఫోనొచ్చేది ఈ షాపుకే.

అనఘ గడియారం చూసుకుంది. పదిన్నర.

"పోలీసులు ఇన్నేళ్లుగా చెప్పేది ఒకటే మాట. 'మేం జగదీశ్‌ని అరెస్టు చెయ్యలేదు. ఓ కాస్ట్యూమర్ షాపులో నాలుగు పోలీసు డ్రెస్సులు పోయాయి, ఎవరో అవి వేసుకుని తీసుకెళ్లారు. జూనియర్ ఆర్టిస్టుల మధ్య ఏదో గొడవ.' దానికి వాళ్ల దగ్గరున్న ఆధారం ఈ ఒక్క కాగితం. హైకోర్టు వేసిన కమిషన్ ఇవాళ రెండున్నరకి ఆఖరి సాక్ష్యాలు వింటుంది. ఇది నిలబడిందంటే ఫైలు మూసేస్తారు."

"మూసేస్తే?"

"గుర్తు తెలియని వ్యక్తులు అని రాసేస్తారు. జగదీశ్ ఎప్పటికీ తప్పిపోయినవాడే."

"నేను పైసల్ అడుగుతలేను పెద్దయ్యా," అంది భూలక్ష్మి. "మేమే తీస్కపోయినమని సర్కారు ఒక్క లైను రాయాలె. గంతే. నేను పెండ్లామో, ముండమోపినో నాకే తెల్వకుండ ఇరవై ఐదేండ్లు బతికిన."

వీరరాఘవయ్య ఆ కాగితాన్ని కొంచెం అవతలికి జరిపాడు. "టీ తెప్పిస్తానమ్మా."

"టీ వద్దు గని, జర ఆ ఆల్బం చూపిస్తవా? ఆయన ఫోటో నాతాన ఒక్కటి గూడ లేదు. గుడిసె కూలగొట్టిన్నాడు బుల్డోజర్ కింద పడి అన్ని పోయినయ్."

అది మాత్రం కాదనలేకపోయాడు.

*

సినిమాలో ఒక సీను ఒక్క రోజులో అయిపోదు. ఇవాళ సగం తీస్తారు, మిగతా సగం పది రోజుల తర్వాత. అప్పుడు ఆర్టిస్టు చొక్కాకి ఏ బొత్తం ఊడి ఉందో, చెయ్యి ఎంత మడిచి ఉందో అచ్చం అలాగే ఉండాలి. అందుకని సెట్లోకి పంపే ముందు కాస్ట్యూమర్ ప్రతి ఆర్టిస్టుకీ ఒక ఫోటో తీసుకుంటాడు. ఇప్పుడంటే ఫోన్లో తీసేస్తున్నారు. అప్పుడు పోలరాయిడ్. బటన్ నొక్కితే ఫోటో నాలుక చాపినట్టు బయటికొచ్చేది. దాన్ని గాల్లో ఊపుతూ ఆర్టిస్టులంతా చుట్టూ మూగేవాళ్లు.

ఫోటోలో ఆర్టిస్టు చేతిలో డ్రెస్ నంబరు చీటీ ఉంటుంది. పక్కన తేదీ, సీను నంబరు వీరరాఘవయ్య చేతిరాతలో. సీను పూర్తయ్యాక ఆ ఫోటో మీద ఎర్ర పెన్సిల్‌తో టిక్కు. ఆ టిక్కు పడేదాకా డ్రెస్సు ఉతక్కూడదు, ఇస్త్రీ చెయ్యకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. మద్రాసులో తన గురువు దగ్గర నేర్చుకున్న పద్ధతి.

1999 ఆల్బం అట్టలు ఊడిపోయాయి. ఒక్కో పేజీ తిప్పుతుంటే జిగురు వాసన వచ్చింది.

ఆ రోజుల్లో ఫిల్మ్ నగర్‌లో ఇళ్ల కంటే బండలెక్కువ. మధ్యాహ్నం మూడింటికే యూనిట్ వ్యాన్లు ఎండ కోసం ఆ కొండ మీదికి పరిగెత్తేవి. ఆ బండలు కొట్టడానికి పాలమూరు నుంచి వచ్చిన కూలీలు అక్కడే వాలులో గుడిసెలు వేసుకున్నారు. జగదీశ్ వాళ్లలో ఒకడు. ఓ రోజు కానిస్టేబుల్ వేషం వెయ్యాల్సినవాడు రాలేదు. ప్రొడక్షన్ మేనేజరు బండలు కొడుతున్న జగదీశ్‌ని చూసి, "ఒడ్డూ పొడుగూ బావున్నావు, ఖాకీ వేసుకుంటావా?" అన్నాడు. అంతే. సుత్తి పక్కన పెట్టి లాఠీ పట్టుకున్నాడు.

తర్వాత ఆరేళ్లు అదే వేషం. హీరో వెనకాల నిలబడతాడు, విలన్ చేతిలో దెబ్బలు తింటాడు, చివర్లో జీపు దిగి పరిగెత్తుకొస్తాడు.

"అరవై సినిమాలైనయ్ పెద్దయ్యా, ఒక్క ప్రమోషన్ లేదు. నిజం డిపార్ట్‌మెంట్ల ఉంటే ఈపాటికి ఎస్సైనైతుంటి," అనేవాడు.

"నీ మొహానికి రెండు నక్షత్రాలా! భుజం మీద కూర్చోనంటాయిరా."

"నువ్వు పెట్టి చూడు, కూసుంటయో లేదో."

వచ్చే సినిమాలో పెడతానని మాటిచ్చాడు వీరరాఘవయ్య. జగదీశ్ ఛాతీ ముప్పై ఎనిమిది. అతని కోసం పి-12 అనే చొక్కా ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేవాడు.

భూలక్ష్మి వేలు ఓ ఫోటో మీద ఆగింది.

రంగు పోయి టీ నీళ్లలో ముంచినట్టుంది. అయినా మనిషి తెలుస్తున్నాడు. ఖాకీ చొక్కా, పైబొత్తం తీసి ఉంది, టోపీ చంకలో. నవ్వు ఆపుకోవడానికి పెదాలు బిగించాడు. పక్కన: నవంబరు 16, సీన్ 42, జగదీశ్. టిక్కు లేదు.

"గదే రోజు," అంది భూలక్ష్మి.

"అదే రోజు."

ముందు వారమే జగదీశ్ గుడిసెలు కూల్చకుండా కోర్టు నుంచి స్టే తెచ్చాడు. కొండవాలులో నూట నలభై గుడిసెలు. ఆ స్థలం ఎవరికో కావాలి. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మూడుసార్లు పిలిచి బెదిరించాడు. జగదీశ్ లొంగలేదు. పదిహేడో తారీఖున కోర్టులో అతను హాజరు కావాలి. పదహారున జీపు వచ్చింది.

షాపు ముందు రోడ్డు మీదే షూటింగ్. దొంగను పోలీసులు తరిమే సీను. లంచ్ బ్రేక్ అవబోతోంది. జీపు దిగిన నలుగురు ఖాకీ వాళ్లు నేరుగా వచ్చి, కుర్చీలో కూర్చున్న కానిస్టేబుల్ వేషగాడి కాలరు పట్టుకున్నారు.

ఫిల్మ్ నగర్ కాకుండా వేరే ఏ పేటలోనైనా జనం అడ్డం పడేవాళ్లు. ఇక్కడ జనం ఫ్రేములోంచి తప్పుకున్నారు. ప్రొడక్షన్ వాడొకడు, "జరగండి, జరగండి, కెమెరాకి అడ్డం రాకండి," అని తాడు కూడా పట్టుకున్నాడు. సెకండ్ యూనిట్ ఏదో తీస్తోందని ఫస్ట్ యూనిట్, ఫస్ట్ యూనిట్ తీస్తోందని సెకండ్ యూనిట్ అనుకున్నాయి. "నేను ఆర్టిస్టును సార్, ఇడిసిపెట్టుండ్రి సార్," అని జగదీశ్ అరుస్తుంటే అందరూ నవ్వారు. డైలాగు బావుందనుకున్నారు.

"నేను ఆడనే నిలబడ్డ పెద్దయ్యా. టిఫిన్ డబ్బ పట్టుకొని." భూలక్ష్మి గొంతు మామూలుగానే ఉంది. ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన మాటలవి. "ఇన్నేండ్లకు మా ఆయనకు ఒక్క పెద్ద సీను దొరికింది అనుకున్న. చప్పట్లు కొట్టిన. ఆయన నాదిక్కు చూసిండు. గప్పుడు గూడ నవ్విన."

అనఘ తల దించుకుంది. వీరరాఘవయ్య ఆల్బం మూశాడు.

"రెండున్నరకి వస్తారా?" అడిగింది అనఘ లేస్తూ.

"చూస్తానమ్మా."

*

వాళ్లు వెళ్లి అరగంట కాలేదు. తెల్లకారు వచ్చి షాపు ముందు ఆగింది.

రవిచంద్ర దిగాడు. రిటైర్డ్ ఎస్పీ. జూబ్లీహిల్స్‌లో ఇల్లు. సర్వీసు అయిపోయాక సినిమాలకు పోలీసు సలహాదారుగా తిరుగుతున్నాడు. శాల్యూట్ ఎలా కొట్టాలి, లాఠీ ఎలా పట్టుకోవాలి, ఏ ర్యాంకుకి ఏ బ్యాడ్జి, అన్నీ ఆయన చెబితేనే ఖరారు. పదేళ్లుగా ఈ షాపుకి వస్తూ పోతూ ఉన్నాడు. 1999లో జీపు పంపిన సర్కిల్ ఇన్‌స్పెక్టరూ ఆయనే.

"ఏమండీ రాఘవయ్య గారూ, మా వెబ్ సిరీస్ డ్రెస్సులు రెడీయేనా?"

"కుడుతున్నారండి. ఆ రాడ్డు మీద ఆరు ఉన్నాయి, చూడండి."

రవిచంద్ర ఓ చొక్కా తీసి భుజాలు, జేబు మూతలు పరీక్షగా చూశాడు. కాలరు తిరగేశాడు.

"ఎప్పటి నుంచో అడుగుదామనుకుంటున్నా. ప్రతి కాలరు లోపలా ఈ ఎర్ర దారం ఏంటండీ? చిన్న ఇంటూ గుర్తులా."

"మా గురువుగారి అలవాటండి. పోలీసు డ్రెస్ కుడితే లోపల ఎర్ర దారంతో ఇంటూ వెయ్యాల్సిందే. సినిమా డ్రెస్సు నిజం డ్రెస్సులో కలిసిపోతే ఎప్పటికైనా ప్రమాదం అనేవారు. అరవై ఏళ్లలో ఒక్కటి కూడా అది లేకుండా బయటికి పోలేదు."

"మంచి అలవాటు," అన్నాడు రవిచంద్ర చొక్కా తిరిగి తగిలిస్తూ. "మావాళ్లకి కూడా చెబుతా."

తర్వాత కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. వక్కపొడి వాసన.

"పొద్దున ఆవిడ వచ్చిందట. లాయరమ్మ కూడా."

"వచ్చారండి."

"మధ్యాహ్నం వెళ్తున్నారా?"

"ఇంకా అనుకోలేదు."

"వెళ్లండి. తప్పకుండా వెళ్లండి. పోయి ఆ రోజు రాసిచ్చిందే చెప్పండి, రెండు నిమిషాల్లో అయిపోతుంది." రవిచంద్ర నవ్వాడు. "ఇంకోలా చెప్పాలనిపించిందనుకోండి, చిన్న చిక్కు. అప్పుడు అబద్ధం చెప్పానంటే అదో నేరం. ఇప్పుడు చెప్పేది అబద్ధమైతే ఇదో నేరం. డెబ్బై ఆరేళ్లు వచ్చాయి కదా. ఏది కావాలో ఎంచుకోవడమే."

"ఆ రోజు కూడా ఇలాగే అన్నారండి. ఆ రోజు 'ఏమయ్యా' అన్నారు. ఇప్పుడు 'గారూ' అంటున్నారు. అంతే తేడా."

రవిచంద్ర నవ్వు ఆగింది. లేచి నిలబడ్డాడు.

"డ్రెస్సులు శుక్రవారానికి కావాలి," అని వెళ్లిపోయాడు.

కారు మలుపు తిరిగాక కూడా వీరరాఘవయ్య కూర్చున్నచోటి నుంచి లేవలేదు. సరిగ్గా ఆ రోజు లాగే. నవంబరు 18. స్టేషన్‌లో పొద్దున్నించి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. "పర్మిషన్ లేకుండా పోలీసు డ్రెస్సులు కిరాయికి ఇస్తున్నావా? లోపల వేసేస్తా. లేదూ, నాలుగు డ్రెస్సులు పదిహేనో తారీఖున దొంగలు ఎత్తుకెళ్లారని రాసిచ్చి ఇంటికి పో," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఇంటికి పోవాలనిపించింది. పి-11 నుంచి పి-14 వరకు పోయాయని రాసిచ్చాడు.

గదిలో గోడ అవతల ఎవరో దగ్గుతున్నారు. ఎవరని అడగలేదు. అది జగదీశ్ దగ్గా కాదా అని ఇరవై ఐదేళ్లుగా తనలో తాను వాదించుకుంటూనే ఉన్నాడు.

వీరరాఘవయ్య లేచి వెనక గదిలోకి నడిచాడు. మద్రాసు నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న రేకు పెట్టె. పైన గురువుగారి కత్తెర, టేపు. అడుగున న్యూస్ పేపరులో చుట్టిన ఒక చొక్కా.

నవంబరు 20, శనివారం, మిట్టమధ్యాహ్నం. మఫ్టీలో ఓ కుర్రవాడు వచ్చాడు. పోలీసని బూట్లు చూస్తేనే తెలుస్తోంది. చంకలో పొట్లం.

"రాఘవయ్య సార్ మీరేనా? జగదీశ్ పంపిండు. డ్రెస్ వాపస్ ఇయ్యమన్నడు."

"జగదీశ్ ఎక్కడున్నాడు నాయనా?"

ఆ అబ్బాయి పొట్లం బల్ల మీద పెట్టి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

పొట్లం విప్పితే ఖాకీ చొక్కా. ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. వీరరాఘవయ్య వేలు అలవాటుగా కాలరు లోపలికి పోయింది. ఎర్ర దారం లేదు. ఆ చోట చాకలి ఇంకుతో వేసిన నంబరుంది: 1863.

అది పి-12 కాదు. సినిమా చొక్కానే కాదు. నిజం కానిస్టేబుల్ చొక్కా.

పొరపాటున మారిపోయిందనుకున్నాడు. స్టేషన్‌లో ఖాకీ బట్టలన్నీ ఒకేలా ఉంటాయి కదా. ఎందుకో ఆ రోజే ఆల్బం చివరి పేజీలో రాసుకున్నాడు: 'నవం. 20. వచ్చిన చొక్కా మనది కాదు. దారం లేదు. నం. 1863.' పని చేసే మనిషి చెయ్యి రాసుకున్న రాత అది, ధైర్యం చేసి రాసింది కాదు. రాసి చొక్కాని పెట్టెలో పెట్టేశాడు. ఎవరితోనూ అనలేదు.

గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. వీరరాఘవయ్య చొక్కాని, ఆల్బాన్ని సంచిలో పెట్టుకుని ఆటో పిలిచాడు.

*

కమిషన్ గదిలో ఏసీ పనిచెయ్యడం లేదు. జడ్జిగారు విసనకర్ర లాగా ఫైలుతో విసురుకుంటున్నారు. మొదటి వరుసలో రవిచంద్ర. వీరరాఘవయ్యను చూసి స్నేహంగా తలాడించాడు.

ప్రభుత్వ లాయరు వేదవ్యాస్ కాగితం ఎత్తి చూపించాడు. "ఈ స్టేట్‌మెంటు మీరు ఇష్టపూర్వకంగా ఇచ్చారా?"

"సంతకం నాదేనండి. అందులో ఒక్క ముక్క కూడా నిజం లేదు."

గదిలో కుర్చీలు కదిలాయి. భూలక్ష్మి కదల్లేదు.

"అంటే పాతికేళ్ల క్రితం మీరు పోలీసులకు అబద్ధం చెప్పారు," అన్నాడు వేదవ్యాస్ మెల్లగా.

"పోలీసులే చెప్పించారు. నేను చెప్పాను. తప్పు నాది కూడా."

"చాలా బావుంది. అప్పుడు అబద్ధమాడిన మనిషి ఇప్పుడు నిజం చెబుతున్నాడని మేమెలా నమ్మాలి?"

"నన్ను నమ్మొద్దండి. ఆల్బం చూడండి."

పదిహేనున పోయాయని కాగితంలో ఉన్న డ్రెస్సులు పి-11, 12, 13, 14. వీరరాఘవయ్య పేజీ తిప్పాడు. నవంబరు 16, పి-12, జగదీశ్ ఒంటి మీద. నవంబరు 23, పి-11, పి-13. ఇద్దరు ఆర్టిస్టులు చేతిలో చీటీలు పట్టుకుని వరసగా నవ్వుతున్నారు. నవంబరు 24, పి-14. పోయిన డ్రెస్సులు వారం తర్వాత ఫోటోలు దిగాయి.

"ఈ ఆర్టిస్టుల్లో ఇద్దరు ఇంకా కృష్ణానగర్‌లోనే ఉన్నారు. సినిమా కూడా ఉంది. ఆ సీన్లు వేసి చూసుకోవచ్చు."

జడ్జిగారు ఆల్బం తన వైపు తిప్పుకున్నారు. "నాలుగింటిలో మూడు మీ దగ్గరే ఉన్నాయి. పి-12 ఏమైంది?"

"పి-12 వేసుకునే జగదీశ్ జీపెక్కాడండి. చొక్కా ఒకటి వాపసు వచ్చింది. పి-12 మాత్రం రాలేదు."

సంచిలోంచి పొట్లం తీశాడు. ఎర్ర దారం సంగతి చెప్పాడు. ఉదాహరణకి షాపు నుంచి తెచ్చిన రెండు చొక్కాల కాలర్లు తిప్పి చూపించాడు. తర్వాత మూడోది. దారం లేదు. 1863.

"ఇది కూడా మీరు కుట్టిందే అయుండొచ్చు కదా," అన్నాడు వేదవ్యాస్. గొంతులో ఇందాకటి జోరు లేదు. "దారం వెయ్యడం మరిచిపోయి ఉంటారు."

"నా ఎర్ర దారం గురించి రవిచంద్ర గారికి బాగా తెలుసండి. ఇవాళ పొద్దునే మా షాపులో చూసి అడిగారు. మంచి అలవాటు అన్నారు కూడా."

అందరి తలలూ మొదటి వరుస వైపు తిరిగాయి. రవిచంద్ర వాచీ చూసుకుంటున్నాడు.

జడ్జిగారు చొక్కాని తెల్లగుడ్డలో చుట్టించి సీలు వేయించారు. 1863 నంబరు 1999లో ఎవరిదో పదిహేను రోజుల్లో రికార్డు చూసి చెప్పాలని ఆదేశించారు. వీరరాఘవయ్య తప్పుడు వాంగ్మూలం సంగతి కూడా రిపోర్టులో ఉంటుందని చెప్పారు.

"రాయండి సార్," అన్నాడు ఆయన.

బయట వరండాలో భూలక్ష్మి ఎదురొచ్చింది. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

"ప్రతి దసరాకు జమ్మి ఆకు పట్టుకొని నీ షాపుకొచ్చిన. కాళ్లు మొక్కిన. నా నెత్తిన చెయ్యి పెట్టి మంచిగుండమన్నవ్. గప్పుడు గీ అంగి పెట్టెల ఉండెనా?"

"ఉంది తల్లీ."

"ఎట్ల పెట్టినవ్ పెద్దయ్యా, గా చెయ్యి?"

భూలక్ష్మి చెంగు దులుపుకుని మెట్లు దిగిపోయింది.

*

1863 తిరుమలేశ్. అప్పట్లో సర్వీసులో చేరి ఏడాది అయిన కానిస్టేబుల్. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని మెదక్ దగ్గర పొలం చేసుకుంటున్నాడు. సమన్లు అందిన మూడో రోజే వచ్చాడు. రావొద్దని చెప్పడానికి ఇద్దరు ఇంటికొచ్చారట. వాళ్లకి మజ్జిగ ఇచ్చి పంపానని చెప్పాడు.

"ఆయనను తెచ్చింది మా స్టేషన్‌కే సార్. రిజిస్టర్ల రాయలే. కోర్టు తారీఖు దాటిందాక ఉంచుకొని ఇడిసిపెడ్తమన్నరు. స్టే కాయితం ఏడున్నదో చెప్పమని కొట్టిండ్రు. పంతొమ్మిది పొద్దుగాల నాకు డ్యూటీ. మంచినీళ్లు తాపిన. గప్పుడు ఒక్కటే ముచ్చట చెప్పిండు సార్. 'అన్నా, గిది కంపెనీ డ్రెస్. ఇంక సీను అయిపోలే. రాఘవయ్య పెద్దయ్యకు వాపస్ ఇయ్యి. లేకుంటె ఆయనకు ఇజ్జత్ పోతది.' ఇస్తనని మాటిచ్చిన. పొద్దూకేటాలకు పానం పోయింది."

"మరి ఆ చొక్కానే ఇవ్వలేదేం?" జడ్జిగారు అడిగారు.

తిరుమలేశ్ భూలక్ష్మి వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

"ఇచ్చేతట్టు లేకుండె సార్. మనిషితోటే అది గూడ పోయింది. నాకు రెండు జతలు ఇచ్చిండ్రు. ఒకటి ఉతికిపిచ్చి తీస్కపోయిన. నా నంబర్ కనవడుతదని తెల్సు. కనవడనీ అనుకున్న. ఎవలన్న ఒక్కరు అడుగుతరేమో అని చూసిన. ఇరవై ఐదేండ్లు ఎవ్వలు అడగలే."

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకు తగిలింది. పొరపాటున మారిందనుకున్న చొక్కా పొరపాటున రాలేదు. ఒక పిల్ల కానిస్టేబుల్ తన పేరు తనే రాసిచ్చి వెళ్లాడు. వీరరాఘవయ్య దాన్ని మడత పెట్టి దాచాడు.

"శవాన్ని ఎక్కడికి తీసుకెళ్లారు?"

"వ్యాన్‌ల తీస్కపోయిండ్రు సార్. నన్ను ఎక్కనియ్యలే. ఏడికో రవిచంద్ర సారుకు ఎరుక."

రవిచంద్ర కుర్చీ ఆ రోజు ఖాళీగా ఉంది.

*

రెండు నెలలకి రిపోర్టు వచ్చింది. నూట పన్నెండు పేజీలు. అనఘ ఆ ఒక్క లైను చదివి వినిపించింది: జగదీశ్‌ను తీసుకెళ్లింది, నిర్బంధించింది, అతని మరణానికి కారణమైంది ప్రభుత్వ ఉద్యోగులే. వీరరాఘవయ్యకి కూడా ఒక నోటీసు వచ్చింది. దాన్ని టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాడు, వచ్చినవాళ్లందరికీ కనబడేలా. వెబ్ సిరీస్ డ్రెస్సులు రాడ్డు మీదే ఉన్నాయి. వాటి కోసం ఎవరూ రాలేదు. రవిచంద్ర ముందస్తు బెయిలు కోసం తిరుగుతున్నాడని కృష్ణానగర్‌లో చెప్పుకుంటున్నారు.

భూలక్ష్మి ఓ మధ్యాహ్నం ఒక్కతే వచ్చింది. స్కూల్లో వంట అయిపోయాక నేరుగా వచ్చినట్టుంది, చీరకి పోపు వాసన. ఇరవై ఐదేళ్ల క్రితం కూర్చున్న మెట్టు మీదే కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఫోటో కోసమొచ్చిన."

కమిషన్ నుంచి ఆల్బం వెనక్కి వచ్చి వారమైంది. వీరరాఘవయ్య దాన్ని తెచ్చి ఆమె పక్కన, ఒక మెట్టు కింద కూర్చున్నాడు. యాభై ఏళ్లలో ఏ ఆల్బంలోంచీ ఒక్క ఫోటో తియ్యలేదు. బ్లేడుతో మెల్లగా అంచులు లేపాడు. నాలుగు మూలలా జిగురు మరకలు మిగిలాయి.

జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీశాడు. "సీను అయిపోతే టిక్కు పెట్టాలమ్మా. దీనికి ఇన్నాళ్లూ పెట్టలేదు."

భూలక్ష్మి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"యాడ పాతిపెట్టిండ్రో చెప్పలే ఇంక. సీను యాడైంది?"

ఆయన పెన్సిల్ జేబులో పెట్టేసుకున్నాడు.

రోడ్డు మీద ఓ స్టూడియో వ్యాన్ ఆగింది. పోలీసు డ్రెస్సుల్లో పదిమంది జూనియర్ ఆర్టిస్టులు దిగి, నవ్వుకుంటూ టీ బండి వైపు వెళ్లారు. ఒకడు టోపీ చంకలో పెట్టుకున్నాడు. భూలక్ష్మి వాళ్లు కనబడకుండా పోయేదాకా చూసింది. తర్వాత ఫోటోని టిఫిను సంచిలో పెట్టబోతూ వెనక్కి తిప్పింది. ఇంకు వెలిసిపోయిన రాత.

"ఏం రాసినవ్ గీడ? నాకు నీ రాత తెల్వదు. చదువు."

వీరరాఘవయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు.

"జగదీశ్. కానిస్టేబుల్. పైబొత్తం తీసి ఉంది. టోపీ ఎడమ చంకలో. మళ్లీ వచ్చినప్పుడు ఇలాగే ఉండాలి."

"ఇంకోసారి చదువు పెద్దయ్యా."

ఆయన మళ్లీ చదివాడు.